పికప్‌కు కమాన్లు పెంచి, వెనక ట్రాలీ తగిలిస్తే... ఆర్‌సీలో బరువు కూడా పెరుగుతుందా?

జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల నుంచి నాపరాళ్లు, యర్రగుంట్ల నుంచి సిమెంటు, పులివెందుల తోటల నుంచి అరటి, చీనీ కాయలు. కడప జిల్లాలో ఈ సరుకంతా లారీల్లోనే తిరగదు. ఇంటి దాకా, అంగడి దాకా చేర్చేది ఎక్కువగా పికప్ బండ్లే. ఫోన్ చేస్తే వస్తాయి, ప్రొద్దుటూరు సందుల్లోకీ దూరతాయి, లారీతో పోలిస్తే బాడుగా తక్కువ.

బండి కొని నాలుగు నెలలు తిరిగాక చాలామంది యజమానులకు వచ్చే ఆలోచన ఒకటే. ఇంజిన్ బాగానే లాగుతోంది, ఇంకాస్త లోడు వేస్తే తప్పేంటి? వెనక రెండు కమాను పట్టీలు ఎక్కువ వేయించి, పెద్ద టైర్లు పెట్టి, చాసిస్‌కు హుక్కు వెల్డింగ్ చేయించి ట్రాలీ తగిలిస్తే ఒక్క ట్రిప్పులో రెండు ట్రిప్పుల పని అయిపోతుంది కదా? షెడ్డులో ఒక రోజు పని. యూట్యూబ్‌లో చూస్తే అమెరికాలో పికప్‌ల వెనక పడవలు, గుర్రాల బండ్లు కూడా లాగుతుంటారు.

బండి లాగుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. అలా లాగడానికి ఆర్‌సీ ఒప్పుకుంటుందా, బ్రేకులు ఒప్పుకుంటాయా, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. ఫైనాన్స్‌లో బండి తీసుకుని నడుపుకునేవారికి ఈ రెండో ప్రశ్నే అసలుది. దాని జవాబు ఇక్కడ చూద్దాం.

ఆర్‌సీలో చూడాల్సిన అంకెలు ఏవి?

మీ ఫోన్‌లో ఎంపరివాహన్ లేదా డిజీలాకర్ తెరిచి బండి ఆర్‌సీ చూడండి. అందులో రెండు బరువులు కనిపిస్తాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. దీన్నే స్థూల వాహన బరువు అంటారు, వాడుకలో జీవీడబ్ల్యూ. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీరు మోయగలిగిన బరువు.

ఉదాహరణకు ఒక బండి ఖాళీ బరువు 1,700 కిలోలు, స్థూల బరువు 3,000 కిలోలు అనుకుందాం. తేడా 1,300 కిలోలు. అయితే ఈ 1,300 కిలోలూ సరుకుకే కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవర్, సహాయకుడి బరువు కలపరు. డ్రైవర్‌తో పాటు లోడు దించడానికి ఇద్దరు కూలీలు ఎక్కితే సుమారు 200 కిలోలు అక్కడే పోతాయి. మిగిలేది 1,100.

ఇప్పుడు ఈ బండికే అదనపు కమాన్లు, హుక్కు, దాన్ని నిలబెట్టే ఇనుప పట్టాలు, బాడీకి మందం రేకులు వేయించారనుకోండి. అవన్నీ కలిపి 150 కిలోలు తూగితే ఖాళీ బండే 150 కిలోలు బరువెక్కింది. స్థూల బరువు మాత్రం అదే 3,000. అంటే చట్టం లెక్కలో సరుకుకు మిగిలేది 950 కిలోలే. ఎక్కువ మోయడానికి డబ్బు ఖర్చు పెట్టిన యజమాని, కాగితం మీద మోయగలిగేది తగ్గించుకున్నాడన్నమాట.

నాపరాయి ఎందుకు మోసం చేస్తుంది?

అరటి గెలలు వేస్తే బండి నిండినట్టు కంటికి కనిపిస్తుంది. నాపరాయి అలా కాదు. బాడీలో సగం ఎత్తు కూడా రాకముందే బరువు దాటిపోతుంది.

లెక్క సులువే. సున్నపురాయి ఒక ఘనమీటరు సుమారు 2.6 నుంచి 2.7 టన్నులు తూగుతుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ ఒక్కటి దాదాపు 25 కిలోలు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఇలాంటివి 250 బండలు కావాలి. మొత్తం 6,250 కిలోలు, అంటే ఆరు టన్నుల పైమాటే.

పైన చెప్పిన బండిలో నిబంధన ప్రకారం ఒక ట్రిప్పుకు 1,100 కిలోలు, అంటే 44 బండలే వేయాలి. అలా ఆరు ట్రిప్పులు తిరగాలి. షెడ్డులో బలం పెంచుకున్న బండి అయితే రెండు, మూడు ట్రిప్పుల్లో ముగించేస్తుంది. డీజిల్, సమయం, కూలి అన్నీ మిగులుతాయి. బాడుగ మాట్లాడేవాళ్లు కూడా ‘ఆరు ట్రిప్పులకు ఇస్తాం’ అనరు, ‘మొత్తానికి ఇంత’ అంటారు. ఎక్కువ లోడు వేయాలన్న ఒత్తిడి ఇక్కడే పుడుతోంది. దీన్ని కేవలం డ్రైవర్ అత్యాశ అని కొట్టిపారేయలేం.

కమాన్లు పెంచితే బండిలో ఏం జరుగుతుంది?

కమాను పట్టీలు పెంచితే బండి వెనక భాగం కుంగదు. చూడటానికి లోడు తేలిగ్గా మోస్తున్నట్టే ఉంటుంది. కానీ బరువు ఎక్కడికీ పోదు. కమాను దాటి యాక్సిల్ గొట్టం మీద, చక్రాల బేరింగుల మీద, టైర్ల మీద, చాసిస్ మీద పడుతుంది. అవన్నీ కంపెనీ మొదట లెక్కగట్టిన బరువుకు తయారైనవే.

టైరు పక్కన చూస్తే కొలత తర్వాత ఒక అంకె ఉంటుంది. అది లోడ్ ఇండెక్స్. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోల వరకు, 112 అని ఉంటే 1,120 కిలోల వరకు మోయగలదు. అది కూడా కంపెనీ చెప్పిన గాలి ఉన్నప్పుడే. కమాను ఎంత గట్టిదైనా టైరు అంకె మారదు. మే నెలలో రాయలసీమ రోడ్ల మీద ఆ అంకె దాటించి పరిగెత్తించడమంటే టైరు పేలడాన్ని పిలవడమే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే ఒక వాల్వ్ ఉంటుంది. చాసిస్‌కు, వెనక యాక్సిల్‌కు మధ్య దూరం ఎంత తగ్గిందో చూసి లోడు ఎంతుందో అది అంచనా వేస్తుంది. బండి బాగా కుంగితే లోడు ఎక్కువుందని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. కుంగకపోతే ఖాళీ బండి అనుకుంటుంది. అదనపు కమాన్లు వేసిన బండి రెండు టన్నులు ఎక్కువ మోస్తున్నా సరిగ్గా కుంగదు. వాల్వ్ దాన్ని తేలికపాటి లోడు అనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. బరువు పెరిగిన చోటే బ్రేకు బలం తగ్గిపోతుంది.

బ్రేకు సంగతి ఇంజిన్ సంగతి లాంటిది కాదు. బరువు రెట్టింపైతే అదే వేగం నుంచి ఆపడానికి బ్రేకులు తీసుకోవాల్సిన వేడి కూడా రెట్టింపవుతుంది. చదును రోడ్డు మీద ఒకసారి ఆపితే తెలియకపోవచ్చు. ముద్దనూరు, జమ్మలమడుగు మధ్య ఘాట్ దిగేటప్పుడో, గువ్వలచెరువు ఘాట్‌లోనో బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. అప్పుడు పెడల్ తొక్కినా బండి ఆగదు. ఇంజిన్ ఎంత బలంగా లాగిందన్నది అక్కడ పనికిరాదు.

ట్రాలీ తగిలిస్తే బరువు దానిదే కదా?

లోడు ట్రాలీ చక్రాల మీద ఉంటుంది కాబట్టి పికప్ మీద బరువు పడదని చాలామంది అనుకుంటారు. ఇందులో సగమే నిజం. ట్రాలీ బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద పడేలా లోడు సర్దాలని విదేశాల్లో ట్రైలర్ తయారీదారులు చెబుతారు. అంతకంటే తక్కువ పడితే ట్రాలీ వేగంలో పాములా ఊగుతుంది. మరీ ఎక్కువ పడితే పికప్ వెనక భాగం నొక్కుకుపోయి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

రెండు టన్నుల ట్రాలీ అంటే హుక్కు మీదే 200 కిలోలు. అది కూడా పికప్ మోయాల్సిన బరువులోకే వస్తుంది. పికప్‌లో కూడా లోడు ఉంటే రెండూ కలపాలి.

ఇక ఆపేటప్పుడు సొంత బ్రేకులు లేని ట్రాలీ వెనక నుంచి బండిని తోస్తుంది. మలుపులో బ్రేకు వేస్తే ట్రాలీ పక్కకు తిరిగి పికప్‌ను కూడా మడిచేయగలదు. ట్రాక్టర్ నెమ్మదిగా పోతుంది కాబట్టి ఈ ప్రమాదం అందులో అంతగా కనపడదు. పికప్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంది. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది.

హుక్కు వెల్డింగ్ కూడా అంత తేలిక విషయం కాదు. చాసిస్ ఇనుముకు ఎక్కడపడితే అక్కడ వెల్డింగ్ పెడితే ఆ వేడి తగిలిన చోట లోహం బలం మారుతుంది. గుంతల్లో ట్రాలీ వేసే కుదుపులకు పగులు మొదలయ్యేది సాధారణంగా అక్కడే.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు మొదట నిర్దేశించినదానికి, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. సీఎన్‌జీ కిట్ లాంటి కొన్నింటికి షరతులతో వీలుంది. షెడ్డులో కమాన్లు పెంచి మోసే బరువు పెంచుకోవడం ఆ మినహాయింపుల్లో లేదు.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌పై స్పష్టత ఇచ్చింది. కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పును పక్కనపెడుతూ, తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా బండి నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ ధర్మాసనం చెప్పింది. రంగు మార్చడం లాంటి చిన్న మార్పులు వేరు, బండి మూల లక్షణాన్ని మార్చడం వేరు.

సెక్షన్ 58 ప్రకారం రవాణా వాహనం ఆర్‌సీలో ఖాళీ బరువు, స్థూల బరువు, ఒక్కో యాక్సిల్ బరువుతో పాటు టైర్ల సంఖ్య, రకం, సైజు కూడా నమోదవుతాయి. అందుకే ‘టైర్లే కదా మార్చింది’ అన్న మాట నిలవదు. వేరే సైజు టైర్లు కూడా ఆర్‌సీతో తేడానే.

అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కమాన్లు, హుక్కు, టైర్లు అంటే మూడు మార్పులు.

ట్రాలీది ఇంకో కథ. చట్టం దృష్టిలో ట్రైలర్ అంటే బండికి తగిలించే వస్తువు కాదు, అదే ఒక వాహనం. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ట్రాక్టర్‌కు ట్రాలీ ఉంటోంది కదా అంటే, చట్టం ట్రాక్టర్‌ను నిర్వచించిన తీరు వేరు. అది తనంతట తాను సరుకు మోయడానికి తయారుచేయని బండి. పికప్ సరుకు మోయడానికే తయారైంది. ట్రాక్టర్, ట్రాలీ కలిపి సరుకు రవాణాకు వాడితే ఆ రెండూ కలిసి పర్మిట్ కావాల్సిన గూడ్స్ వాహనమే అవుతాయని 2005లో సుప్రీంకోర్టు నట్వర్ పారిఖ్ కేసులో తేల్చింది. స్థూల బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదన్న మినహాయింపు చూసుకుని, ట్రాలీ తగిలించాక కూడా అదే వర్తిస్తుందనుకోవడం పొరపాటు.

2018లో బరువు పరిమితి పెంచారు కదా?

పెంచారు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితులు సవరించింది. నాలుగు టైర్లున్న ఒంటి యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అంకె చూస్తేనే అర్థమవుతుంది, ఇది పెద్ద లారీల సంగతి. రోడ్డు ఎంత బరువు తట్టుకుంటుందన్న లెక్క అది. పికప్‌కు అడ్డొచ్చేది రోడ్డు పరిమితి కాదు, కంపెనీ ఆ బండికి ఇచ్చిన స్థూల బరువు. అది 2018కి ముందూ తర్వాతా ఆర్‌సీలో ఎంతుంటే అంతే.

దొరికితే జరిమానా ఎంత? ఎవరి మీద?

ఓవర్‌లోడ్‌కు సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, పైగా అదనంగా ఉన్న ఒక్కో టన్నుకు 2,000 రూపాయలు. పరిమితికి రెండు టన్నులు ఎక్కువుంటే 24,000. ఎక్కువైన లోడు దించే ఖర్చూ మీదే. అది దించేదాకా బండి కదలనివ్వరు. బాడీ దాటి పక్కలకో వెనక్కో సరుకు పొడుచుకొచ్చినా విడిగా 20,000 జరిమానా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెంచిన జరిమానాలు 2020 అక్టోబరులో అమల్లోకి వచ్చాయి.

కాటా వేయించమంటే డ్రైవర్ ఆపకుండా వెళ్లిపోయినా, తూకానికి ఒప్పుకోకపోయినా జరిమానా 40,000 రూపాయలు. ముందుకు వెళ్లే దారిలో 10 కిలోమీటర్ల లోపు, లేదా గమ్యస్థానానికి 20 కిలోమీటర్ల లోపు ఎక్కడ కాటా ఉన్నా అక్కడికి బండి తీసుకెళ్లమని చెప్పే అధికారం జనం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కు ఉంది. యర్రగుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతంలో కాటాలకు కొదవ లేదు కాబట్టి ‘ఇక్కడ తూకం వేసే చోటు లేదు’ అని తప్పించుకోవడం కుదరదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ సెక్షన్ బండి నడిపినవారితోనే ఆగదు. నడిపించినవారికి, నడపనిచ్చినవారికి కూడా వర్తిస్తుంది. డ్రైవర్ వేరు, యజమాని వేరు అయితే, ఓవర్‌లోడ్ సంగతి యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని సెక్షన్ 113 చెబుతోంది. ‘డ్రైవర్ వేసుకున్నాడు, నాకు తెలియదు’ అంటే సరిపోదు.

ప్రమాదం జరిగితే బీమా ఇస్తుందా?

జరిమానా ఒకసారి కట్టి బయటపడొచ్చు. అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది.

మీ బండికి జరిగిన నష్టం సంగతి మొదట చూద్దాం. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ప్రస్తావించిన మార్గదర్శకాల ప్రకారం, అనుమతించిన సామర్థ్యానికి మించి లోడు వేసినప్పుడు ఒప్పుకోదగిన క్లెయిమ్‌లో 75 శాతానికి మించకుండా చెల్లించాలి. అంటే కనీసం పావు వంతు పోయినట్టే, మిగతాదానికీ తిరగాల్సి రావచ్చు.

ఇంకొకరికి గాయమైనా, ప్రాణం పోయినా లెక్క ఇంకా పెద్దది. 2007లో బ్రిజ్ మోహన్ కేసు చూడండి. ట్రాక్టర్‌కు బీమా ఉంది, తగిలించిన ట్రాలీకి లేదు. ఆ ట్రాలీతో పనిచేసే కూలీ గాయపడ్డాడు. బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బాధితుడు పేదవాడు కావడంతో కంపెనీ ముందు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ఆదేశించింది. ‘చెల్లించి వసూలు చేసుకో’ అనే ఈ పద్ధతిలో బాధితుడికి డబ్బు అందుతుంది, యజమాని ఇల్లో పొలమో వేలం దాకా వస్తుంది.

సరుకు మీద కూర్చుని ప్రయాణించే కూలీల సంగతి కూడా ఇలాంటిదే. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించదని 2002 చివర్లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాలీలో బండల మీద కూర్చున్నవారికి పాలసీలో చోటుందో లేదో ముందే కనుక్కోకపోతే, తర్వాత చేతులు కాల్చుకోవాల్సిందే.

మరి విదేశాల్లో ఎలా లాగుతున్నారు?

అక్కడ కూడా ఎవరి ఇష్టం వారిది కాదు. అమెరికాలో పికప్ ఎంత లాగగలదో తయారీదారే పరీక్షించి ప్రకటిస్తాడు. బండి, ట్రాలీ, సరుకు, మనుషులు అన్నీ కలిపిన మొత్తానికి కూడా ఒక పరిమితి ఇస్తాడు. యజమాని గట్టి స్ప్రింగులు వేయించినంత మాత్రాన ఆ అంకె పెరగదు. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి.

ఆస్ట్రేలియాలో మాత్రం బరువు పరిమితి పెంచుకునే దారి ఉంది. స్ప్రింగులు, ఇతర భాగాలు కలిపి ఒక ప్యాకేజీగా పరీక్షించి, ధ్రువీకరించి, కొత్త బరువుతో బండికి ప్లేటు బిగిస్తారు. అక్కడ పెరిగేది కమాను ఒక్కటే కాదు, కాగితం కూడా. మన దగ్గర షెడ్డులో పెరిగేది కమాను మాత్రమే. ఆర్‌టీఏ కౌంటర్‌లో ఎంత ఫీజు కట్టినా, కంపెనీ నిర్దేశం దాటి స్థూల బరువు పెంచి ఇచ్చే సేవ లేదు. ‘ఆర్‌సీలో బరువు పెంచి రాయిస్తాను’ అని ఎవరైనా ఏజెంట్ డబ్బు అడిగితే అక్కడే ఆగండి.

సక్రమంగా ఎక్కువ మోయాలంటే దారులేమిటి?

మొదటిది, కొనేటప్పుడే సరైన బండి ఎంచుకోవడం. ఒకే పేరుతో వచ్చే పికప్‌లలోనే వేర్వేరు సామర్థ్యాలున్నాయి. మహీంద్రా బొలెరో పికప్ 1.3, 1.7 టన్నుల రకాల్లో అమ్ముడైంది. టాటా యోధా 2.0 రెండు టన్నులు మోసేలా 2022లో వచ్చింది. ధరలో కొద్ది తేడా చూసి చిన్నది కొని, తర్వాత షెడ్డులో దాన్ని పెద్దది చేయాలనుకోవడం కన్నా, మొదటే పెద్దది తీసుకోవడం మేలు. అయితే స్థూల బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ తీసుకోవాలి.

రెండోది, 407 తరగతి బండ్లు. మోటారు వాహనాల చట్టంలో 7,500 కిలోల వరకు స్థూల బరువున్న బండి లైట్ మోటారు వెహికలే. దీనికి సంబంధించి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవారు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ప్రత్యేక ఎండార్స్‌మెంట్ లేకుండానే నడపవచ్చని చెప్పింది. అంటే ఇవాళ పికప్ నడుపుతున్న ఎల్‌ఎంవీ డ్రైవర్‌కు తర్వాతి మెట్టు ఎక్కడానికి లైసెన్స్ అడ్డు కాదు. వెయ్యి చదరపు అడుగుల నాపరాయి ఈ తరగతి బండిలో రెండు ట్రిప్పుల్లో నిబంధన ప్రకారమే చేరిపోతుంది. నాలుగు లోడ్లకు ఒకటి ఇంత బరువైనదైతే, ఆ ఒక్క లోడుకు పెద్ద బండి బాడుగకు మాట్లాడుకుని మిగతావి పికప్‌లో వేసుకోవడం కూడా లెక్కకు వస్తుంది.

మూడోది, ట్రాలీయే కావాలంటే వరస మార్చాలి. ముందు షెడ్డుకు కాదు, ముందు కాగితాల దగ్గరకు వెళ్లాలి. మీ బండి మాన్యువల్‌లో ట్రైలర్ లాగే సామర్థ్యం రాసి ఉందో చూడండి. లేకపోతే కంపెనీ ఆ బండికి ఆ పని అప్పగించలేదని అర్థం. ఉంటే అనుమతి పొందిన డిజైన్‌తో చేసే తయారీదారు దగ్గరే ట్రాలీ కొనాలి. సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 తీసుకుని, రిజిస్ట్రేషన్ ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే ఆర్‌టీఏ కార్యాలయంలో అడగాలి.

ఇప్పటికే కమాన్లు, హుక్కు వేయించేశాం. ఇప్పుడేం చేయాలి?

- వెల్డింగ్ హుక్కు ఉంటే తీయించండి. చాసిస్‌పై పగుళ్లున్నాయేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించండి.
- కమాన్లు, టైర్లు ఆర్‌సీలో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకు తెచ్చుకోండి. వెనక బ్రేకు వాల్వ్ ఉన్న బండి అయితే దాన్ని మళ్లీ సరిచేయించండి.
- ఖాళీ బండిని ఒకసారి కాటా వేయించండి. ఆర్‌సీలోని ఖాళీ బరువుకు, కాటా చీటీకి ఎంత తేడా ఉందో చూస్తే మార్పులు ఎంత బరువు పెంచాయో తెలుస్తుంది. ఆ కాటాకు తూనికలు కొలతల శాఖ వార్షిక ముద్ర ఉందో లేదో కూడా చూడండి.
- నాపరాళ్లు, సిమెంటు లాంటి లోడు ఎత్తే ముందు లెక్క వేయండి. రెండడుగుల బండ 25 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు. కూలీల బరువు మరవొద్దు.
- బీమా పాలసీ తీసి ట్రైలర్ గురించి, కూలీల గురించి ఏం రాసి ఉందో చదవండి. అర్థం కాకపోతే కంపెనీకి ఈమెయిల్ చేసి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.
- ఫిట్‌నెస్ తేదీ చూసుకోండి. కొత్త రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఫిట్‌నెస్ లేని రోజు జరిగిన ప్రమాదం మరో చిక్కు.

ఇల్లు కట్టుకుంటున్నవారికీ ఇందులో పాత్ర ఉంది. ‘మొత్తం రెండు ట్రిప్పుల్లో తెచ్చేయ్, ఇంత ఇస్తా’ అని బాడుగ బేరం చేసినప్పుడు ఆ ఓవర్‌లోడ్‌ను మనమూ అడిగి తెప్పించుకున్నట్టే. ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటే నాలుగు వందలు ఎక్కువ కావచ్చు. ఘాట్ దిగే బండి ఎదురుగా వచ్చేది మన పిల్లల స్కూటరే కావచ్చు కూడా.

చివరికి తేలేది ఒకటే. షెడ్డులో బండికి బలం అమ్ముతారు. కానీ బండి ఎంత మోయాలో చెప్పే అంకె ఆర్‌సీలో ఉంది, దాన్ని షెడ్డు మార్చలేదు. చలానా రాసే అధికారి, పరిహారం లెక్కించే ట్రిబ్యునల్, క్లెయిమ్ చూసే బీమా కంపెనీ, ముగ్గురూ మొదట తెరిచేది ఆ ఆర్‌సీనే. తర్వాతి లోడు ఎత్తే ముందు మీరూ ఒకసారి అది తెరిచి చూడండి.